యూఏఈలో వీలునామా నమోదు: దరఖాస్తు ఎలా చేయాలి, అరబిక్ పేర్ల దగ్గర ఎందుకు ఆగిపోతుంది

దుబాయిలో భర్త పోయిన ఒకావిడకు తోడుగా బ్యాంకుకు వెళ్లాను. ఆమె దగ్గర అన్నీ ఉన్నాయి. భర్త బతికుండగా రాయించిన వీలునామా ఉంది, దాన్ని ఆమోదిస్తూ కోర్టు ఇచ్చిన ఉత్తర్వు ఉంది, మరణ ధ్రువపత్రం ఉంది. కౌంటర్‌లోని ఉద్యోగి ఉత్తర్వులోని అరబిక్ వరుస మీద పెన్ను ఆనించి, పక్కన ఆమె ఎమిరేట్స్ ఐడీ (యూఏఈలో నివసించేవారి గుర్తింపు కార్డు) పెట్టి, ఒక్కో అక్షరం పోల్చుకుంటూ వెళ్లాడు. మూడో అక్షరం దగ్గర పెన్ను ఆగింది. ఐడీలో ఆమె పేరు ఒక రకంగా ఉంది, ఉత్తర్వులో మరో రకంగా ఉంది. ‘ఈ ఇద్దరూ ఒకరేనని కాగితం తీసుకురండి’ అన్నాడు మర్యాదగానే. ఆ ఒక్క కాగితం కోసం ఆమె కాన్సులేట్‌కు, అనువాదకుడి దగ్గరికి, మళ్లీ కోర్టుకు తిరగవలసి వచ్చింది. ఇద్దరు పిల్లల ఫీజులు కట్టవలసిన నెలలవి.

అందుకే ఈ వ్యాసంలో సులువైన మెట్లు త్వరగా దాటేసి, ఆ పెన్ను ఆగిన చోట ఎక్కువసేపు నిలబడతాను.

ముందు చట్టం సంగతి. ముస్లిమేతర విదేశీయులకు 2023 ఫిబ్రవరి 1 నుంచి 2022 నాటి 41వ సమాఖ్య చట్టం అమల్లో ఉంది. అబుధాబిలో అంతకుముందే, 2021లోనే, ఇలాంటి చట్టం వచ్చింది. వీటి ప్రకారం ముస్లిమేతరుడు యూఏఈలోని తన ఆస్తిని ఎవరికైనా, ఎంతైనా వీలునామా ద్వారా ఇవ్వవచ్చు. వీలునామా రాయకుండా చనిపోతే ఆస్తిలో సగం భార్యకు లేదా భర్తకు, మిగతా సగం పిల్లలందరికీ సమానంగా చెందుతుంది. కొడుకు, కూతురు అన్న తేడా లేదు. పిల్లలు లేకపోతేనే తల్లిదండ్రుల వంతు వస్తుంది.

చివరి వాక్యం మరోసారి చదవండి. పిల్లలున్న మనిషి వీలునామా రాయకుండా పోతే, ఆయన పంపే డబ్బు మీదే బతుకుతున్న తల్లికి యూఏఈలోని ఆస్తిలో వాటా రాదు. ‘నాకేం పెద్ద ఆస్తులున్నాయి, వీలునామా ఎందుకు’ అనేవారు ముందు ఈ సంగతి ఆలోచించాలి. ఇంకొకటి కూడా ఉంది. నమోదైన వీలునామా లేనప్పుడు వారసుల్లో ఏ ఒక్కరైనా, ఈ చట్టం కాదు, మా దేశపు వారసత్వ చట్టమే వర్తింపజేయాలని కోర్టును కోరవచ్చు. ఒక్కరు కోరితే చాలు, మిగతావారంతా ఆగవలసిందే. ఆ గొడవకు దారి మూసేది నమోదైన వీలునామా ఒక్కటే.

సొంత దేశంలో రాసిన వీలునామా సరిపోదా అని చాలామంది అడుగుతారు. అది చెల్లదని చెప్పను. కానీ దాన్ని అక్కడి కోర్టులో రుజువు చేసుకుని, అటెస్టేషన్లు (అధికారిక ధ్రువీకరణ ముద్రలు) వేయించి, అరబిక్‌లోకి మార్పించి, ఇక్కడి కోర్టును ఒప్పించే భారమంతా దుఃఖంలో ఉన్న మనిషి మీద పడుతుంది. ఇక్కడి ఆస్తికి ఇక్కడే విడిగా ఒక వీలునామా నమోదు చేసుకోవడం మేలు. అయితే కొత్త వీలునామాలో ‘గతంలో రాసినవన్నీ రద్దు’ అన్న మామూలు వాక్యాన్ని అలాగే ఉంచేస్తే, సొంత దేశంలో రాసింది కూడా రద్దయ్యే ప్రమాదం ఉంది. ‘యూఏఈలోని ఆస్తి వరకే’ అని స్పష్టంగా రాయించండి.

నమోదు చేసుకోవడానికి ముఖ్యంగా మూడు చోట్లున్నాయి. మొదటిది అబుధాబి న్యాయశాఖ. రుసుము 950 దిర్హమ్‌లు. దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెడితే నోటరీ వీడియోలో మాట్లాడతారు, ముద్రపడిన ప్రతి ఈమెయిల్‌కు వస్తుంది. అబుధాబిలో ఉండేవారే చేసుకోవాలన్న నియమం లేదు. రెండోది దుబాయి కోర్టుల నోటరీ. మూడోది దుబాయి అంతర్జాతీయ ఆర్థిక కేంద్రంలోని వీలునామా సేవా కేంద్రం. అందరూ డీఐఎఫ్‌సీ అంటారు. 2015లో మొదలైన ఈ కేంద్రంలో వీలునామా ఇంగ్లీషులోనే ఉంటుంది, అరబిక్ అనువాదం అక్కర్లేదు. పూర్తి ఆస్తికి ఒకరి వీలునామా అయితే 10,000 దిర్హమ్‌లు, భార్యాభర్తలు ఒకే తీరుగా జంటగా రాసుకుంటే 15,000. ఖర్చు ఎక్కువే. కానీ ఒకటి రెండు ఇళ్లు, వ్యాపారంలో వాటా ఉన్నవారు ఆలోచించదగిన దారి. జీతం ఖాతా, కారు, ఉద్యోగం నుంచి రావలసిన సొమ్ము మాత్రమే ఉన్నవారికి అబుధాబి దారి చాలు.

దరఖాస్తుకు కావలసినవి తక్కువే. పాస్‌పోర్టు, ఎమిరేట్స్ ఐడీ, ఆస్తుల వివరాలు, ఎవరికి ఏమి చెందాలో స్పష్టమైన జాబితా. వీలునామాను అమలు చేసే వ్యక్తి పేరు రాయాలి. ఆయన అందుబాటులో లేకపోతే చేసేందుకు ఇంకొకరి పేరు కూడా ఇవ్వాలి. సాక్షులు అవసరమైన చోట, ఆస్తి పొందేవారిని సాక్షులుగా పెట్టకూడదు. ఖాతా నంబర్లన్నీ రాయించాలని కొందరు ఏజెంట్లు పట్టుబడతారు. బ్యాంకు మారితే వీలునామా పాతబడిపోతుంది. ‘యూఏఈలోని అన్ని బ్యాంకు ఖాతాలు’ అని రాసి, ఖాతాల జాబితా విడిగా ఇంట్లో పెట్టుకోవడం మంచిది. ఇల్లు ఉంటే మాత్రం పట్టా వివరాలు వీలునామాలోనే ఉండాలి.

ఇక పేర్ల దగ్గరికి వద్దాం.

అబుధాబిలోనైనా, దుబాయి నోటరీ దగ్గరైనా వీలునామా రెండు వరుసల్లో ఉంటుంది. ఒకవైపు ఇంగ్లీషు, మరోవైపు అరబిక్. అనువాదాన్ని న్యాయ మంత్రిత్వ శాఖ లైసెన్సున్న అనువాదకుడు చేయాలి. రెండింటి మధ్య తేడా వస్తే కోర్టు చూసేది అరబిక్‌నే. మనం మాత్రం ఇంగ్లీషు వరుస చదివి, అక్షరదోషాలు దిద్ది, అరబిక్ వరుసను అలంకారం చూసినట్లు చూసి సంతకం పెట్టేస్తాం. తప్పు అక్కడే కూర్చుని ఉంటుంది. కొన్నేళ్ల తర్వాత అది కోర్టు ఉత్తర్వులోకి, అక్కడి నుంచి బ్యాంకు కౌంటర్‌కు వస్తుంది.

అరబిక్ లిపిలో ‘ప’ లేదు. దాని స్థానంలో ‘బ’ రాస్తారు. మన ‘వ’ను కొందరు ‘ఫ’ అక్షరంతో రాస్తారు, కొందరు ఉకారానికి దగ్గరగా ఉండే వేరే అక్షరంతో రాస్తారు. ‘చ’కు సొంత అక్షరం లేదు కనుక ఒకరు ‘శ’ అని, మరొకరు ‘త్ష’ అని రాస్తారు. ‘గ’కు ముగ్గురు అనువాదకులు మూడు అక్షరాలు వాడగలరు. హ్రస్వాలను మామూలుగా రాయరు. దాంతో రమ, రామ ఒకేలా కనిపించవచ్చు, ఒకే రమ రెండు రకాలుగానూ కనిపించవచ్చు. ప్రవీణ్ అనే పేరును తీసుకోండి. ఒకరి చేతిలో అది ‘బ్రాఫీన్’ అవుతుంది, ఇంకొకరి చేతిలో ‘బ్రవీన్’ అవుతుంది. ఇద్దరు అనువాదకులూ తప్పు చేయలేదు. కానీ కాగితం మీద ఇద్దరు మనుషులు పుట్టారు.

దీనికి మందు మన జేబులోనే ఉంది. ఎమిరేట్స్ ఐడీ మీద మన పేరు అరబిక్‌లో కూడా ఉంటుంది. కోర్టు, బ్యాంకు, భూమి శాఖ అన్నీ పోల్చుకునేది దానితోనే. కాబట్టి అనువాదకుడికి పాస్‌పోర్టు మాత్రమే ఇచ్చి ఊరుకోకండి. మీది, భార్యది, పిల్లలది, వీలునామాలో పేరున్న ప్రతి ఒక్కరిదీ ఎమిరేట్స్ ఐడీ నకలు ఇచ్చి, ‘పేర్లు కార్డులో ఉన్నట్లే రాయండి’ అని చెప్పండి. ఈమెయిల్‌లో రాసి పెట్టండి. అనువాదం చేతికి వచ్చాక కార్డు పక్కన పెట్టుకుని ఒక్కో పేరు పోల్చండి. అరబిక్ రాకపోయినా ఫర్వాలేదు. అక్షరాల ఆకారం చూడండి, చుక్కలు లెక్కపెట్టండి. ఒక్క చుక్క పైన ఉంటే ఒక అక్షరం, కింద ఉంటే వేరే అక్షరం. ఐదు పేర్లున్న వీలునామాకు ఇది పావుగంట పని. ఆ పావుగంట ఎవరూ కేటాయించడం లేదు.

యూఏఈలో లేని వారసుల పేర్ల దగ్గర మరింత జాగ్రత్త కావాలి. వారికి ఎమిరేట్స్ ఐడీ ఉండదు, అంటే పోల్చుకునేందుకు అరబిక్ పేరే ఉండదు. అలాంటివారికి పాస్‌పోర్టు నంబరు, పుట్టిన తేదీ, బంధుత్వం మూడూ రాయించండి. పాస్‌పోర్టు మారితే నంబరు మారుతుంది, పుట్టిన తేదీ మారదు. ఇంటిపేరు సంగతీ చూసుకోండి. మనలో ఇంటిపేరు ఒకరి పాస్‌పోర్టులో ముందు, మరొకరిదాంట్లో వెనుక, ఇంకొకరిదాంట్లో ఒక్క పొడి అక్షరంగా ఉంటుంది. పిల్లల పాస్‌పోర్టులో తండ్రి పేరు ఎలా ఉందో తండ్రి పాస్‌పోర్టులో కూడా అలాగే ఉందో లేదో ఇప్పుడే చూడండి. తేడా ఉంటే దిద్దించుకోవడానికి మీరున్నారు. రేపు మీరుండరు.

డీఐఎఫ్‌సీలో ఈ చిక్కు తక్కువ. అక్కడ కూడా ఇంగ్లీషు పేర్లు పాస్‌పోర్టులో ఉన్న వరుసలోనే ఉండాలి.

చిన్న పిల్లలున్నవారు సంరక్షకుల పేర్లు తప్పక రాయాలి. తల్లిదండ్రులిద్దరూ ఒకే ప్రమాదంలో పోతే ఏమిటన్నది అడగడానికే నోరు రాని ప్రశ్న. కానీ వీలునామా సమాధానం చెప్పవలసింది దానికే. శాశ్వత సంరక్షకులు సాధారణంగా సొంత దేశంలో ఉంటారు. వారు విమానం ఎక్కి వచ్చేదాకా పిల్లలు ఎవరి ఇంట్లో ఉండాలి? అందుకే యూఏఈలోనే ఉంటున్న ఒక స్నేహితుడినో బంధువునో తాత్కాలిక సంరక్షకుడిగా రాయించండి. వారితో ముందే మాట్లాడి, సమ్మతి లేఖ తీసుకుని పెట్టుకోండి. తన పేరు ఉందని ఆ రోజు దాకా తెలియని సంరక్షకుడి వల్ల పిల్లలకు ప్రయోజనం లేదు.

దళారుల గురించి ఒక మాట. ‘అంతా మేమే చూసుకుంటాం’ అని డబ్బు తీసుకుని, అనువాదకుడి ముద్ర ఉన్న కాగితాన్నే నమోదైన వీలునామా అని చేతిలో పెట్టేవారున్నారు. గుండ్రటి ముద్ర చూసి నమ్మినవారిని నేను చూశాను. అనువాదకుడి ముద్ర చెప్పేది అనువాదం సరైనదని మాత్రమే. నమోదైన వీలునామాకు నమోదు చేసిన కార్యాలయం ఇచ్చిన సంఖ్య ఉంటుంది. మీరు నోటరీతో గానీ అధికారితో గానీ ముఖాముఖి లేదా వీడియోలో మాట్లాడకపోతే నమోదు జరగలేదని అనుకోండి. రుసుము అధికారిక వెబ్‌సైటులో మీరే కట్టండి, దరఖాస్తులో మీ సొంత ఈమెయిల్, ఫోను నంబరే ఇవ్వండి. సహాయం చేసినందుకు వారికి ఇచ్చేది వేరుగా ఇవ్వండి.

వీలునామా ఉన్నా కొన్నాళ్ల ఇబ్బంది తప్పదు. మరణవార్త తెలియగానే బ్యాంకు ఖాతాను స్తంభింపజేస్తుంది. ఉమ్మడి ఖాతా ఉంది కదా అని ధైర్యంగా ఉండేవారే ఎక్కువ దెబ్బతింటారు. పోయినవారి వాటా అందులోనూ ఆగిపోతుంది. కోర్టు ఉత్తర్వు వచ్చేదాకా ఇల్లు నడవాలి కనుక, భార్య పేరున విడిగా ఒక ఖాతా తెరిచి నాలుగైదు నెలల ఖర్చుకు సరిపడా అందులో ఉంచండి. ఈ పనికి ఏ కార్యాలయం అనుమతీ అక్కర్లేదు.

మరణం యూఏఈ బయట జరిగితే మరణ ధ్రువపత్రానికి ఆ దేశ విదేశాంగ శాఖ, ఆ దేశంలోని యూఏఈ రాయబార కార్యాలయం, తర్వాత యూఏఈ విదేశాంగ శాఖ వరుసగా ముద్రలు వేయాలి. ఆ తర్వాతే అరబిక్ అనువాదం. అపోస్టిల్ (చాలా దేశాలు ఒప్పుకునే ఒకే ధ్రువీకరణ ముద్ర) ఒక్కటే వేయించుకుని వచ్చి వెనక్కి వెళ్లినవారున్నారు. అనువాదం ముందు చేయించి, ముద్రలు తర్వాత వేయించినవారు మళ్లీ అనువాదానికి డబ్బు కట్టారు.

ముస్లిములైన విదేశీయులకు దారి వేరు. అంత్యక్రియల ఖర్చు, అప్పులు పోగా మిగిలినదానిలో మూడో వంతు వరకే వీలునామా చెల్లుతుంది. అదీ వారసులకు కాకుండా ఇతరులకే. వారసుడికి రాస్తే మిగతా వారసులు ఒప్పుకోవాలి. మిగిలినది షరియా వాటాల ప్రకారం వెళుతుంది. పిల్లలుంటే భార్యకు ఎనిమిదో వంతు, కొడుకుకు కూతురి వాటాకు రెట్టింపు. ముస్లిం భర్త, ముస్లిమేతర భార్య ఉన్న ఇళ్లలో భార్యకు వారసత్వ వాటా రాదు. ఆ మూడో వంతు వీలునామానే ఆమెకు ఆధారం కనుక అలాంటి ఇళ్లవారు ఆలస్యం చేయవద్దు. బతికుండగానే ఆస్తిని దానంగా ఇచ్చే ‘హిబా’ మరో మార్గం. దుబాయిలో భార్యకో పిల్లలకో ఇల్లు దానంగా బదిలీ చేస్తే భూమి శాఖ రుసుము మామూలు 4 శాతం కాదు, 0.125 శాతం.

నమోదు పూర్తయ్యాక ఒక ప్రతిని అమలు చేసే వ్యక్తికి ఇవ్వండి. దానితోపాటు అందరి ఎమిరేట్స్ ఐడీల నకళ్లు రెండు వైపులా తీసి పెట్టండి. ఐడీ కొత్తది వచ్చిన ప్రతిసారీ అరబిక్ పేరు పాతదానితో సరిపోయిందో లేదో చూడండి. కొత్త బిడ్డ పుట్టినా, విడాకులైనా, ఇల్లు కొన్నా వీలునామాను తిరిగి రాయించాలి. బ్యాంకులో ఆ రోజు నాతో ఉన్నావిడ ఇప్పుడు తన వీలునామా నమోదు చేసుకున్నారు. అనువాదం వచ్చిన సాయంత్రం పిల్లల కార్డులు బల్ల మీద పరిచి, పెన్ను కొనతో చుక్కలు ఒక్కొక్కటే లెక్కపెట్టారు. చిన్నవాడి పేరులో ఒక చుక్క తక్కువైంది. మర్నాడే దిద్దించారు.