వెలిగొండల్లో ఒక్కరోజు చుట్టునడక ఎలా చేయాలి? ముందు దిగే దారి చూసుకోండి

పొద్దున్నే ఊళ్ళో బయల్దేరి, ఒక కోన గుండా కొండెక్కి, కొండ వెన్ను మీద కొంత దూరం నడిచి, ఇంకో పక్కన దిగి చీకటి పడకముందే అదే ఊరికి చేరడమే చుట్టునడక. మన నెల్లూరు జిల్లాలో ఉదయగిరి, సీతారాంపురం, రాపూరు వైపు వెలిగొండల కింద ఉన్న ఊళ్ళ నుంచి ఇలా నడవొచ్చు. గుడికో కోటకో ఎక్కి అదే దారిన దిగి వచ్చేస్తే కొండ ఒక ముఖమే చూసినట్టు. చుట్టి వస్తేనే అవతలి పక్క ఎలా ఉంటుందో తెలుస్తుంది.

సంక్రాంతి దాటాక, శివరాత్రి లోపల పెట్టుకోండి. మనకు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. ఆ నెలల్లో వంకలు పారుతుంటాయి, బండలు పాచిపట్టి జారతాయి. మార్చి దాటితే బండ వేడికే సగం బలం పోతుంది.

అటవీశాఖ అనుమతి లేకుండా మాత్రం వెళ్ళొద్దు. ఇవి ఎర్రచందనం పెరిగే అడవులు, నిఘా గట్టిగా ఉంటుంది. పెంచలకోన వైపు వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా పెనుశిల నరసింహ అభయారణ్యం ఉంది. ఏ దారిన ఎక్కుతారో, ఎక్కడ దిగుతారో దగ్గర్లోని రేంజి ఆఫీసులో చెప్పి, సరేనంటేనే కదలండి.

ఇక దారి గీసుకోవడం. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 పటంలో రెండు సెంటీమీటర్లంటే ఒక కిలోమీటరు. నూలుదారం తీసుకుని, అనుకున్న దారి వంపుల వెంటే దాన్ని పరిచి, తర్వాత చాచి స్కేలు మీద కొలవండి. మొదటిసారికి 10 నుంచి 12 కిలోమీటర్లు చాలు. పటంలోని ఎత్తు గీతలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) ఎక్కడ ఒకదానికొకటి అంటుకున్నట్టు కనిపిస్తాయో అక్కడ నిట్టనిలువు చరియ ఉన్నట్టు లెక్క. ఉదయగిరి దుర్గం చుట్టూ అలాంటివే. 1513లో ముట్టడి మొదలుపెట్టిన కృష్ణదేవరాయలు 1514లో గానీ దాన్ని పట్టలేకపోయాడు. అంత సైన్యాన్ని అన్నాళ్ళు నిలిపిన చరియల్లో కొత్త దారి వెతకడం మన పని కాదు. అక్కడికి పోతే అందరూ నడిచే బాటనే ఎక్కి దిగండి.

చుట్టునడకలో అందరూ ఎక్కడం గురించే ఆలోచిస్తారు. నేను మాత్రం దిగే దారి ముందు ఖాయం చేసుకుంటాను. మూడేళ్ళ కిందట మా బావా నేనూ కొండ వెన్ను మీద దిగే బాట కనపడక ఒక వంకలో దిగాం. "నీళ్ళు ఎటు పోతే ఊరూ అటే గదా బావా" అన్నాడు. నాకూ నిజమేననిపించింది. ముప్పావు గంట బండల మీద జారుకుంటూ పోయాక వంక తెగిపోయింది. కింద రెండు తాటిచెట్ల లోతు. సీసాల్లో నీళ్ళు అయిపోయాయి. దిగిందంతా మళ్ళీ ఎక్కడానికి గంటన్నర పట్టింది. పైన మేకలు కాస్తున్న పెద్దాయన మమ్మల్ని చూసి, "వంకలో దిగబాకండి నాయనా, మేకలే దిగవు. అదిగో, ఆ ఒంటి మోదుగ కాడ మందబాట ఉండాది" అని చేయి చూపించాడు. ఆ మోదుగ పక్కనుంచే మేం రెండుసార్లు నడిచిపోయాం. పెంటికలు ఆనవాలుగా ఉన్న ఆ బాట గడ్డిలో మూరెడు వెడల్పున స్పష్టంగానే ఉంది. చూడ్డం మాకు తెలియలేదు.

అందుకే ముందురోజు సాయంత్రం మందలు ఊళ్ళోకి తిరిగొచ్చే వేళకు కాపరులను కలవండి. మూడు సంగతులు అడగండి: మందబాట ఎక్కడ దిగుతుంది, పైన దాని మొదలుకు గుర్తేమిటి, ఏ దొనలో (నీళ్ళు నిలిచే బండ గుంటలో) నీళ్ళున్నాయి. వీలైతే ఒకరికి రోజుకూలి ఇచ్చి వెంట తీసుకెళ్ళండి. అంతకంటే మంచి ఖర్చు ఇందులో లేదు. వాళ్ళు రెండు దారులు చెబితే, తక్కువ తెలిసినదాన్ని పొద్దున ఎక్కడానికి పెట్టుకోండి. ఒంట్లో ఓపిక ఉంటుంది, తప్పితే వెనక్కి తిరగడానికి వెలుతురూ ఉంటుంది. బాగా నలిగిన బాటను దిగడానికి ఉంచుకోండి.

కాలం లెక్క ఇలా వేసుకోండి. స్కాట్లాండు కొండల్లో నడిచిన నైస్మిత్ 1892లో గంటకు మూడు మైళ్ళు, ఎక్కే ప్రతి 2,000 అడుగులకు ఇంకో గంట అని చెప్పాడు. మన ఎండకు, ముళ్ళకు అది కుదరదు. నేను గంటకు మూడు కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 300 మీటర్లకు ఒక గంట వేసుకుంటాను. 12 కిలోమీటర్లు, 450 మీటర్ల ఎక్కుడు అయితే అయిదున్నర గంటలు, ఆగడానికి ఇంకో గంట. ఆరున్నరకు బయల్దేరితే ఒంటిగంటకు దిగాలి. పన్నెండింటికి కూడా దిగే బాట మొదలు దొరక్కపోతే ఇక వెతకొద్దు, ఎక్కిన దారినే తిరిగిరండి. మన ఊళ్ళు కొండకు తూర్పున ఉన్నాయి కాబట్టి పొద్దు కొండ చాటుకు ముందే పోతుంది, కోనలో తొందరగా మసక పడుతుంది. పడమర వైపు పొరపాటున దిగారంటే కడప జిల్లాలో తేలతారు.

మనిషికి నాలుగు లీటర్ల నీళ్ళు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు రెండు, టార్చి, ఈల. తిండికి పులిహోర, వేరుశనగ ఉండలు. పెరుగన్నం ఎండకు పులుస్తుంది. నిండు ప్యాంటు, మందపాటి అడుగున్న బూట్లు వేసుకోండి, సర్కారు తుమ్మ ముల్లు చెప్పును చీల్చుకుని పాదంలో దిగుతుంది. బోదగడ్డి నడుమెత్తు ఉన్నచోట ముందు కర్రతో తట్టి అడుగు వేయండి. ఎలుగుబంట్లు ఉంటాయి కాబట్టి గుహల దగ్గర, పొదల మలుపుల్లో మాట్లాడుకుంటూ నడవండి. చరియకు తేనెపట్టు వేలాడుతుంటే దాని కింద పొగ, బీడీ, అత్తరు, అరుపులు ఏవీ వద్దు.

వెన్ను మీద నడిచేటప్పుడు ప్రతి అరగంటకూ వెనక్కి తిరిగి చూడండి. వచ్చిన దారి వెనక్కి తిరిగి చూస్తే వేరేగా కనిపిస్తుంది, ఆ రూపు గుర్తుంటేనే తిరిగి రాగలరు.

బయల్దేరే ముందు ఊళ్ళో ఒకరికి, టీకొట్టాయనకైనా సరే, ఎన్నింటికి దిగుతారో చెప్పి వెళ్ళండి. దిగాక ఎంత అలసటగా ఉన్నా ముందు ఆయనకు కనిపించి రండి. లేదంటే పొద్దుగూకే వేళకు నలుగురు మనుషులు టార్చీలు పట్టుకుని మీకోసం కొండెక్కుతారు.