డైరీలో ఏమి రాయాలి?

డైరీ మొదలుపెట్టిన చాలామంది "ఈ రోజు రాయడానికి ఏముంది?" అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. ఉదయం లేచాను, ఆఫీసుకు వెళ్లాను, వచ్చి పడుకున్నాను అని నాలుగు రోజులు రాసేసరికి ఎవరికైనా విసుగు పుడుతుంది. రోజంతటినీ వరుసగా చెప్పే ప్రయత్నం మానుకొని, నిన్నటికీ ఈ రోజుకూ తేడా తెచ్చిన ఒక్క విషయాన్ని ఎంచుకొని, దాని గురించి అయిదారు వాక్యాలు వివరంగా రాయడం మేలైన పద్ధతి.

ఆ విషయం గొప్పది కానక్కరలేదు. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్‌గా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చేవరకు, ఏ మజిలీలో నీటివసతి ఎలా ఉంది, అంగళ్లు ఉన్నాయా, బాట ఎలాంటిది అన్న సంగతులను శ్రద్ధగా రాసుకున్నారు. ఆయనకు అవి దారి అవసరాలు. ఆనాటి ఊళ్లను ఈనాడు మనం ఊహించుకోగలుగుతున్నది వాటి వల్లనే. కాబట్టి కిలో టమాటా ధర, ఇంటి అద్దె, వీధి చివర కొత్తగా తెరిచిన టిఫిన్ సెంటర్ వంటివి రాయడానికి సంకోచించవద్దు. ఇంట్లో పెద్దవారు చెప్పిన సంగతులు, ఆవకాయలో ఉప్పూ కారం పాళ్లతో సహా, వారి యాసలోనే రాసుకోవాలి. వాటిని పుస్తకభాషలోకి దిద్దితే వారి గొంతు పోతుంది.

మనసులోని సంగతులకు మరికొంత శ్రద్ధ కావాలి. "ఈ రోజు మనసు బాగోలేదు" అన్న వాక్యం ఏడాది తర్వాత చదివితే ఏమీ గుర్తుచేయదు. ఎవరు ఏమన్నారు, ఆ మాటకు మీరు ఏమి బదులిచ్చారు, ఇవ్వాలనుకొని మింగేసిన జవాబు ఏమిటి అన్నవి రాస్తే ఆ బాధకు రూపం వస్తుంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ పెన్నెబేకర్ 1986లో సాండ్రా బీల్‌తో కలిసి ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులు వరుసగా నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాల చొప్పున రాశారు. జీవితంలోని బాధాకరమైన సంఘటననూ, దానివల్ల కలిగిన భావాలనూ కలిపి రాసినవారు, సాధారణ విషయాలు రాసినవారికంటే తర్వాతి ఆరు నెలల్లో ఆరోగ్య కేంద్రానికి తక్కువసార్లు వెళ్లారు. అయితే రాసిన వెంటనే వారి మనసు తేలికపడలేదు, మరింత కలత చెందింది. అందువల్ల మానని గాయం గురించి రాస్తూ తట్టుకోలేకపోతే కలం పక్కన పెట్టి, నమ్మకమైనవారితోనో వైద్యులతోనో మాట్లాడటం మంచిది.

ఇతరులు నమ్మి చెప్పిన రహస్యాలను, బ్యాంకు పిన్‌లను డైరీకి ఎక్కించకూడదు. తాళం వేసిన సొరుగును కూడా ఎవరో ఒకరు తెరుస్తారు.

కొత్త సంవత్సరంలో కానుకగా వచ్చే, తేదీలు అచ్చువేసిన డైరీకంటే మామూలు రూళ్ల నోటుపుస్తకమే అనువైనదని నా అభిప్రాయం. అచ్చు డైరీలో ఖాళీగా మిగిలిన పేజీలు నిలదీస్తున్నట్టుంటాయి, చెప్పవలసింది ఎక్కువైన రోజున చోటు చాలదు. నోటుపుస్తకంలో తేదీ, ఊరు మీరే వేసుకోవచ్చు. రాయని రోజులను వెనక్కి వెళ్లి పూరించనక్కరలేదు. పాత పేజీ చదివినప్పుడు అభిప్రాయం మారిందనిపిస్తే కొట్టివేయకుండా, అంచున, తిరిగి చదివిన రోజు తేదీతో కొత్త మాట చేర్చండి.