రాచ్ తోపులాటని అడాప్టివ్‌గా అదుపు చేయడం ఎలా: ఖాళీ విస్తర్లు లెక్కపెట్టండి

మ్యాచ్ అయిపోయాక స్టేడియం బయట అందరూ ఒకేసారి క్యాబ్ బుక్ చేస్తుంటే ఫోన్‌లో సిగ్నల్ ఫుల్లుగా ఉంటుంది కానీ నెట్ రాదు, చూసే ఉంటారు. కారణాలు చాలా ఉంటాయి, అందులో ఒకటి రాచ్, అంటే ర్యాండమ్ యాక్సెస్ ఛానల్ దగ్గర తోపులాట. దీని మీద ప్రాజెక్టుకి సిమ్యులేటర్ రాద్దాం అనుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నా. కోడ్ ఇవ్వట్లేదు, పైథాన్‌లో పెద్ద పనేం కాదు, మీరే రాసుకోండి, నేను ఎక్కడ బోల్తా పడ్డానో అది మాత్రం చెప్తా.

ముందు ప్రొసీజర్. ఎల్టీఈలో, అంటే 4జీలో, ఒక సెల్‌కి 64 ప్రియాంబుల్స్ (ఫోన్ తలుపు కొట్టడానికి పంపే సంకేతాలు), హ్యాండోవర్ (ఒక టవర్ నుంచి ఇంకోదానికి మారడం) లాంటి వాటికి కొన్ని పక్కన పెడితే మామూలు జనానికి 54 అనుకోండి. ఫోన్ వాటిలో ఒకటి గుడ్డిగా తీసి పంపుద్ది, అది మెసేజ్ 1. బేస్ స్టేషన్ జవాబు మెసేజ్ 2, అందులో టైమింగ్ సర్దుబాటు, అప్‌లింక్ గ్రాంట్ (ఫోన్ పంపుకోవడానికి అనుమతి), తాత్కాలిక ఐడీ ఉంటాయి. ఫోన్ తనెవరో మెసేజ్ 3లో చెప్తుంది, మెసేజ్ 4తో ఖరారు. ఇద్దరు ఒకే ప్రియాంబుల్ తీస్తే చాలాసార్లు బేస్ స్టేషన్‌కి అది ఒకటే అన్నట్టు వినిపిస్తుంది, ఒక్కటే జవాబు ఇస్తుంది, ఇద్దరూ అదే గ్రాంట్‌లో మెసేజ్ 3 పంపి గుద్దుకుంటారు.

పెళ్లి భోజనాల్లో బంతి అనుకోండి, ప్రియాంబుల్ పంపే ఒక్కో అవకాశం ఒక్కో బంతి, ఒక్కో ప్రియాంబుల్ ఒక్కో విస్తరి. 54 విస్తర్లు వేశారు, హాల్లో లైట్లు లేవు, అందరూ చీకట్లో వచ్చి కూర్చుంటారు, ఒకే విస్తరి ముందు ఇద్దరు కూర్చుంటే ఇద్దరూ లేచి తర్వాతి బంతికి రావాల్సిందే. ఆ తర్వాతి బంతికి కొత్తవాళ్ళు కూడా వస్తారు కదా, అసలు గోల అక్కడ మొదలు.

సెటప్‌కి 3జీపీపీ (మొబైల్ ప్రమాణాలు రాసే సంస్థ) వాళ్ళ రిపోర్టు టీఆర్ 37.868లో ఉన్న నంబర్లు తీసుకోండి, అందరూ వాటితోనే పోల్చుకుంటారు. 30000 డివైజులు, 10 సెకన్లు, బీటా(3,4) పంపిణీలో (అంటే సమంగా కాకుండా మధ్యలో గుంపుగా) రాక, 5 మిల్లీసెకన్లకి ఒక రాచ్ అవకాశం, గరిష్ఠంగా 10 ప్రయత్నాలు. 10 సెకన్లలో 2000 అవకాశాలు, సగటున బంతికి 15 మందే కదా, సరిపోద్దిలే అనిపిస్తుంది. కానీ బీటా(3,4)కి 4వ సెకను దగ్గర శిఖరం ఉంటుంది, అక్కడ కొత్తవాళ్ళే బంతికి 31 మంది. 54 విస్తర్లకి ఎంతమంది వచ్చినా ఒంటరిగా కూర్చునేవాళ్ళు సగటున 20 దాటరు, అది కూడా సరిగ్గా 54 మంది వచ్చినప్పుడు. 31 వస్తే 20లోపే గట్టెక్కుతారు, మిగిలినవాళ్ళు మళ్ళీ వస్తారు, గుంపు పెరుగుద్ది, సక్సెస్ ఇంకా పడిపోద్ది. మొదట ఏ కంట్రోలూ లేకుండా ఇది రన్ చేసి కూలిపోవడం కళ్ళతో చూడండి, చూడకుండా ముందుకెళ్ళొద్దు.

ఇప్పుడు అడాప్టివ్ పార్ట్. నేను మొదట చేసిన తెలివితక్కువ పని ఏంటంటే సక్సెస్‌ల లెక్క చూసి బారింగ్ (తలుపు దగ్గర ఎంతమందిని ఆపాలన్నది) మార్చడం, సక్సెస్ తక్కువైతే జనం తక్కువ వచ్చారు కాబోలు అని తలుపు ఇంకా తెరిచేవాణ్ణి. బంతికి 20 మంది వస్తే సక్సెస్ 14, 108 మంది వచ్చినా సక్సెస్ 14 చిల్లరే! రెండు రోజులు బగ్ కోసం వెతికా, బగ్ కోడ్‌లో లేదు, నా బుర్రలో ఉంది.

చూడాల్సింది ఖాళీ విస్తర్లని, అంటే ఎవరూ వాడని ప్రియాంబుల్స్‌ని. 20 మంది వస్తే ఖాళీలు 37, 54 వస్తే దాదాపు 20, 108 వస్తే 7. జనం పెరిగేకొద్దీ తగ్గుతూనే పోద్ది, కాబట్టి అయోమయం లేదు. లెక్క కూడా సింపుల్: వచ్చినవాళ్ళు = 53.5 × నేచురల్ లాగ్ (54 ÷ ఖాళీలు). ఖాళీలు 7 అయితే 54ని 7తో భాగిస్తే 7.71, దాని లాగ్ 2.04, అంటే దాదాపు 109 మంది. ఒక్కో బంతికి లాగ్ తీసి సగటు చేయకండి, ఖాళీలు సున్నా వచ్చిన రోజు ప్రోగ్రామ్ చచ్చిపోద్ది, ముందు ఖాళీల సగటు తీసి తర్వాత ఒక్కసారే లాగ్, సగటు కూడా మరీ చిన్నదైతే 1 అనుకోండి.

టార్గెట్, అంటే బంతికి ఎంతమందిని రానివ్వాలి అన్నది, 54 పెట్టాలని అందరూ అంటారు, నేను ఒప్పుకోను. మెసేజ్ 2లో గ్రాంట్లు పరిమితం, సబ్‌ఫ్రేమ్‌కి (1 మిల్లీసెకను) 3 చొప్పున 5 సబ్‌ఫ్రేమ్‌ల విండో అంటే మొత్తం 15. 54 మంది వస్తే 34 ప్రియాంబుల్స్ మోగుతాయి, జవాబు 15కే, మిగతావి వృథా. 15 మోగాలంటే 18 మంది చాలు, కాబట్టి టార్గెట్ 18.

తలుపు దగ్గర కాపలాకి ఏసీబీ, అంటే యాక్సెస్ క్లాస్ బారింగ్. బేస్ స్టేషన్ ఒక ఫ్యాక్టర్ ప్రకటిస్తుంది, ఫోన్ 0కీ 1కీ మధ్య ఒక నంబర్ తీస్తుంది, అది ఫ్యాక్టర్ కంటే తక్కువైతే లోపలికి, లేకపోతే బారింగ్ టైమ్‌ని 0.7కీ 1.3కీ మధ్య ఏదో ఒక దానితో గుణించి అంతసేపు బయటే. ఆ టైమ్ కనీసం 4 సెకన్లు. కొత్త ఫ్యాక్టర్ = పాత ఫ్యాక్టర్ × 18 ÷ అంచనా. పైన 109కి, అప్పటిదాకా తలుపు బార్లా తెరిచి ఉంటే, 0.165 వస్తుంది. కానీ ప్రమాణంలో మీ ఇష్టమొచ్చిన విలువ లేదు, 0.05 చొప్పున వెళ్ళి 0.30 తర్వాత సరాసరి 0.40, 0.35 లేదు (ఎందుకో వాళ్ళకే తెలియాలి). కాబట్టి ఇక్కడ 0.15. సున్నాకి మాత్రం పోనివ్వకండి, అది పూర్తిగా తాళం.

పాత ఫ్యాక్టర్‌తో గుణించడం ఎందుకంటే అంచనాలో తేలేది పాత ఫ్యాక్టర్ దాటి లోపలికి వచ్చినవాళ్ళే. ఇంకోటి, ఏసీబీ కొత్తగా వచ్చేవాళ్ళకే, గుద్దుకుని మళ్ళీ ప్రయత్నించేవాళ్ళు ఆ తలుపు దాటి లోపలే ఉన్నారు. చాలా పేపర్లలో ప్రతి ప్రయత్నానికీ బారింగ్ వేసేస్తారు, గ్రాఫ్ అందంగా వస్తుంది, నిజం కాదు. లోపలున్న వాళ్ళని ఆపేది బ్యాక్‌ఆఫ్ (మళ్ళీ ప్రయత్నించే ముందు ఆగే సమయం), అది మెసేజ్ 2లోనే పోతుంది కాబట్టి వెంటనే పనిచేస్తుంది. ఎల్టీఈలో 0 నుంచి 960 మిల్లీసెకన్ల దాకా ఉంది, అంచనా టార్గెట్‌కి రెట్టింపు దాటితే 20 నుంచి 240కి ఎక్కించి చూడండి.

ఇంకొకటి, ఫ్యాక్టర్ ప్రతి 5 మిల్లీసెకన్లకీ మార్చేయకండి. అది ఎస్‌ఐబీ2లో (బేస్ స్టేషన్ అందరికీ ప్రకటించే సమాచారం) వెళ్తుంది, దాన్ని మార్చడానికి ఉండే మాడిఫికేషన్ పీరియడ్ అత్యంత చిన్నది తీసుకున్నా 640 మిల్లీసెకన్లు, అంటే 128 బంతులకి ఒకసారి. ఖాళీల సగటు కూడా ఆ 128 మీదే తీయండి, రెండూ కలిసొస్తాయి. 4 సెకన్ల శిక్ష వల్ల ఫలితం ఆలస్యంగా కనిపిస్తుంది, కాబట్టి ఫ్యాక్టర్ పైకి తీసేటప్పుడు ఒక్కో మెట్టు మాత్రమే, కిందకి మాత్రం ఒకేసారి దింపొచ్చు.

5జీకి మార్చాలంటే బారింగ్ పేరు యూఏసీ (యూనిఫైడ్ యాక్సెస్ కంట్రోల్), ఎస్‌ఐబీ1లో ఉంటుంది, ఫ్యాక్టర్ల లెక్క ఇలాంటిదే. తేడా బీమ్‌లు, అంటే టవర్ ఒక్కో దిక్కుకి విడివిడిగా పంపే సిగ్నళ్ళు. రాచ్ అవకాశాలు ఒక్కో బీమ్‌కి ముడిపడి ఉంటాయి, కాబట్టి ఖాళీలు బీమ్‌ వారీగా లెక్కపెట్టండి, సెల్ మొత్తానికి కలిపేస్తే స్టేడియం వైపు బీమ్‌లో జనం చచ్చిపోతుంటే రోడ్డు వైపు ఖాళీ చూసి మీ కోడ్ అంతా బాగుందంటుంది.