నది పొడవు పటం మీద కొలవడం ఎలా

నైలు 6,650 కిలోమీటర్లు, అమెజాన్ 6,400. బడి పుస్తకాల్లో ఉండే లెక్క ఇదే. బ్రెజిల్ అంతరిక్ష పరిశోధన సంస్థ ఉపగ్రహ చిత్రాల మీద కొలిస్తే అమెజాన్‌కు దాదాపు 6,992, నైలుకు 6,852 వచ్చాయి. ఇంత తేడా ఎందుకో గోదావరిని ఒక్కసారి కొలిస్తే అర్థమవుతుంది. భద్రాచలం నుంచి ధవళేశ్వరం దాకా చాలు, పాపికొండల మలుపులన్నీ అందులోనే వస్తాయి.

కావలసినవి: సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 పటాలు, డివైడర్, సన్నమొన పెన్సిల్. ఈ పటంలో 1 సెంటీమీటరు అంటే నేల మీద 500 మీటర్లు. జిరాక్స్ కాపీ అయితే ఈ లెక్క నమ్మకండి. కాపీలో బొమ్మ కొంచెం సాగినా, కుదించుకుపోయినా పొడవు మారిపోతుంది. పటం అడుగున ఉండే స్కేలు గీత మీదే డివైడర్ పెట్టి చూసుకోండి.

ముందు రెండు గట్లకూ నడిమధ్యగా పెన్సిల్ గీత గీయాలి. గట్టు వెంట కొలిస్తే మలుపు లోపలివైపు తగ్గుతుంది, బయటివైపు పెరుగుతుంది. లంకల దగ్గర నది చీలితే వెడల్పాటి పాయనే పట్టుకోండి, మధ్యలో పాయ మార్చొద్దు.

డివైడర్ 2 సెంటీమీటర్లు తెరిచి, అంటే కిలోమీటరు అడుగుతో, గీత వెంట నడిపించి అడుగులు లెక్కపెట్టండి. తర్వాత 1 సెంటీమీటరుకు తగ్గించి మళ్లీ, ఆపైన అర సెంటీమీటరుతో ఇంకోసారి. ప్రతిసారీ పొడవు పెరుగుతుంది. పెద్ద అడుగు చిన్న వంపును దాటేస్తుంది, చిన్న అడుగు ఆ వంపులోకి దిగి వస్తుంది. పెరుగుదల ఒక శాతం లోపుకు వచ్చినప్పుడు ఆపేయండి.

మొదలు, చివర ఏవో తేల్చుకోవడం ఇంతకంటే కష్టం. నైలును విక్టోరియా సరస్సు నుంచి కాక, అందులో కలిసే కగేరా ఏటి పై పాయల నుంచి లెక్కిస్తేనే 6,650 వస్తుంది. అమెజాన్ ముఖద్వారంలో మరాజో దీవికి ఉత్తరాన ఆపుతారా, దక్షిణపు పాయ గుండా సముద్రం దాకా వెళతారా అన్నదాన్ని బట్టి మొత్తం మారుతుంది.

జలాశయాల్లోనూ పొరపాటు జరుగుతుంది. నీటి మధ్యగా తిన్నగా గీత గీస్తే మునిగిపోయిన మలుపులు లెక్కలోకి రావు. ఆనకట్టకు ముందు నాటి పటం దొరికితే పాత దారినే కొలవండి.

కొలత పక్కన మొదలు, చివర, పటం స్కేలు, అడుగు రాసుకోండి. పటం అచ్చయిన ఏడాది కూడా వేయండి. 1930లు, 40లలో మిసిసిపీ మలుపులను అడ్డంగా తవ్వి కలిపేశారు. దాంతో ఆ నది సుమారు 240 కిలోమీటర్లు కురచైపోయింది.