విరిగిన ఎముక అతుక్కునే రోజుల్లో ఆహారం

ఎముక విరిగిందనగానే అందరికీ కాల్షియమే గుర్తుకు వస్తుంది గానీ, ముందుగా చూసుకోవలసింది మాంసకృత్తులు. ఎముకకు చట్రంగా నిలిచేది కొల్లాజెన్ అనే మాంసకృత్తే. విరిగినచోట మొదట మెత్తని కణజాలం ఏర్పడి, తరువాత దానిలో ఖనిజాలు చేరితేనే అది గట్టిపడుతుంది. అందువల్ల గుడ్డు, చేప, పప్పు, పెరుగు వంటి వాటిలో ఏదో ఒకటి ప్రతి పూటా పళ్లెంలో ఉండాలి. ఉదయం ఉత్త కాఫీతో సరిపెట్టి రాత్రి కడుపునిండా తినడం కన్నా, ఉదయమే ఒక గుడ్డు, గ్లాసుడు పాలు తీసుకోవడం ఎంతో మేలు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం మోతాదును వైద్యుణ్ణి అడిగే నిర్ణయించుకోవాలి.

పెద్దలకు రోజుకు సుమారు 1000 మిల్లీగ్రాముల కాల్షియం అవసరం. మాత్రలు వాడవలసి వస్తే, ఒకేసారి 500 మిల్లీగ్రాములు మించకుండా విడివిడిగా వేసుకుంటే శరీరం బాగా గ్రహిస్తుంది. ఐరన్ మాత్రతో కలిపి వేసుకోకూడదు. విటమిన్ డి లోపిస్తే ఎంత కాల్షియం తిన్నా సరిగా ఒంటబట్టదు కనుక, రక్తపరీక్ష అవసరమేమో వైద్యుణ్ణి తప్పక అడగండి. కొల్లాజెన్ తయారీకి విటమిన్ సి కూడా కావాలి. జామ, నారింజ చాలు.

మంచం మీదే ఉన్నాం కదా అని తిండి తగ్గించుకోవద్దు. కొన్ని నొప్పి మాత్రలు మలబద్ధకం తెస్తాయి కాబట్టి పీచు, నీళ్లు పెంచండి. పొగతాగడం ఎముక అతుక్కోవడాన్ని ఆలస్యం చేస్తుంది. దయచేసి పూర్తిగా మానేయండి.