మొదటి పుస్తకం అచ్చుకు ఇచ్చే ముందు

• ప్రూఫ్ (అచ్చుకు ముందు తప్పులు చూసే ప్రతి) మీరొక్కరే దిద్దుకోవద్దు. రాసినవారి కంటికి పేజీలో ఉన్నదానికంటే మనసులో ఉన్నదే కనిపిస్తుంది. కొత్తవారి చేత, వీలైతే కాగితం మీద చదివించండి.

• పేజీల అమరిక అయ్యాక పేరాలు చేర్చొద్దు. విషయసూచిక నుంచి పుస్తకం వెన్ను మందం దాకా అన్నీ కదులుతాయి. కవర్ ఫైలు చివర్లోనే ఖాయం చేయండి.

• బొమ్మలు అచ్చు సైజులో 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) ఉండాలి. ఫోన్‌లో బాగున్నంత మాత్రాన చాలదు.

• ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే సంఖ్య) అచ్చు పుస్తకానికి ఒకటి, ఈబుక్‌కు వేరొకటి.

• ఇతరుల పాట, ఫొటో వాడితే అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. కింద పేరు వేయడం అనుమతి కాదు.

• అసలు టెన్షన్ పడాల్సింది ఒప్పందం దగ్గర. సంతోషంలో చాలామంది చదవకుండానే సంతకం పెట్టేస్తారు. హక్కులు ఎన్నేళ్లకు ఇస్తున్నారు? అనువాదం, ఆడియో, సినిమా హక్కులు కూడా అందులో కలిశాయా? రాయల్టీ (అమ్మకాల్లో రచయితకు వచ్చే వాటా) ముఖవెల, అంటే పుస్తకం మీద వేసిన ధర మీదా, ఖర్చులు పోగా మిగిలిన రాబడి మీదా? రెంటికీ చాలా తేడా. పుస్తకం అచ్చులో లేకుండా పోతే హక్కులు తిరిగొస్తాయా? అచ్చు ఖర్చు మీదే అయితే, అమ్ముడుపోని కాపీలు ఎవరివో కూడా రాయించుకోండి. 'మన మధ్య కాగితాలెందుకు' అనేవారి దగ్గర మరీ జాగ్రత్త.

• నమూనా కాపీ చేతికొచ్చాకే మిగతావి వేయమనండి.