క్యోటో గియోన్ మత్సురి: రథం చూడ్డమే కాదు, తాడు కూడా పట్టుకోవచ్చు

జపాన్‌లోని క్యోటోలో జూలైలో జరిగే రథాల పండగ గియోన్ మత్సురికి వెళ్లేవాళ్లు చాలామంది జూలై 17న ఊరేగింపు చూసి వచ్చేస్తారు, నన్నడిగితే 12కో 13కో క్యోటోలో ఉండేలా టికెట్లు బుక్ చేసుకోండి. ఆ రోజుల్లో మధ్యాహ్నం పూట హికిజోమె అని ట్రయల్ ఉంటుంది, కొత్తగా కట్టిన రథాన్ని కొంచెం దూరం లాగి చూస్తారన్నమాట, అప్పుడు తాడు మనమూ పట్టుకోవచ్చు, ఆడవాళ్లు, పిల్లలు, బయటి దేశం వాళ్లు ఎవరైనా సరే. 17న ఆ ఛాన్స్ ఉండదు. ఏ రథం ఎన్నింటికో ఆ ఏడాది షెడ్యూల్ చూసుకుని అరగంట ముందే ఆ రథం ఉన్న వీధికి చేరిపోండి. తాడు బిగుసుకుని పైన గంటలు మోగుతుంటే ఆ బండి కదిలే క్షణం, అబ్బా, అది చేతికే తెలుస్తుంది!

ఇంకా ముందే, జూలై 10 తర్వాత వెళ్లగలిగితే రథాలు కట్టడం కూడా చూడొచ్చు. మేకులుండవు, దూలాలన్నీ గడ్డి తాళ్లతోనే బిగిస్తారు. ఆ ముడుల అల్లిక దగ్గరికెళ్లి చూడండి.

17న పొద్దున 9కి ఊరేగింపు షిజో కరాసుమ కూడలి దగ్గర మొదలు, ముందు నగినత హోకో అనే రథం వెళ్తుంది. మలుపు దగ్గరే నిలబడండి, షిజో కవారామాచి గానీ కవారామాచి ఓయికె గానీ. పెద్ద రథాలు 12 టన్నుల దాకా ఉంటాయి, చక్రాలు పక్కకి తిరగవు, అందుకని చీల్చిన వెదురు కింద పరిచి నీళ్లు పోసి, ముందు నిలబడ్డవాళ్లు విసనకర్రలు ఊపి కేకేయగానే అందరూ పక్కకి లాగుతారు, ఒక్కసారికి తిరగదు, రెండు మూడు లాగుళ్లు పడుతుంది, తిరగ్గానే జనం చప్పట్లే చప్పట్లు. నాకైతే చివర్లో షిమ్మాచి సందు ఇంకా ఇష్టం, ఇళ్ల చూరుకి తగుల్తుందేమో అన్నంత దగ్గరగా పోతుంది రథం.

ఎండ 35 డిగ్రీలు దాటుతుంది, నీళ్లు, టోపీ తప్పనిసరి. గొడుగు వేయకండి, వెనకున్నవాళ్లకి ఏమీ కనపడదు. రూమ్ దొరక్కపోతే ఒసాకాలో ఉండి హాంక్యూ ట్రైన్‌లో కరాసుమ స్టేషన్‌లో దిగండి.

14 నుంచి 16 దాకా సాయంత్రాలు లాంతర్లు వెలిగిస్తారు, అప్పుడు చిమాకి అనే వెదురాకుల కట్ట కొనుక్కోండి, తినేది కాదు, కీడు రాకుండా గుమ్మానికి కట్టేది.

తోపులాట పడనివాళ్లు 24న వెళ్లండి, 2014లో మళ్లీ విడిగా మొదలైన రెండో ఊరేగింపు అది, 9:30కి కరాసుమ ఓయికె నుంచి ఎదురు దారిలో వస్తుంది, జనం బాగా తక్కువ.